తాగినప్పుడు లేని సిగ్గు మానేటప్పుడు దేనికి?

హీరోగారి ప్రేమ విఫలమైంది. ఏం చేస్తాడు? సీసా అందుకుంటాడు! 1953లో అక్కినేని ‘దేవదాసు’గా తూలుతూ నడిచిన నాటినుంచీ ఇదే వరస. హాల్లో మన కళ్లు చెమరుస్తాయి, ఈలలూ పడతాయి. బాగానే ఉంది. మరి అదే హీరోగారు మర్నాడు ఆసుపత్రికి వెళ్లి, ఓపీ చీటీ రాయించుకుని, బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న సీను ఎన్ని సినిమాల్లో చూశారు? వేళ్లమీద లెక్కపెట్టండి. ఒక చెయ్యి చాలు!

ఆ ‘దేవదాసు’లో పార్వతి సావిత్రే గదా! తెరమీద దేవదాసు తాగితే జనం జాలిపడ్డారు. తర్వాతి రోజుల్లో సావిత్రి జీవితంలోకి మద్యం వచ్చినప్పుడు మాత్రం గుసగుసలు పుట్టాయి. 1980లో కోమాలోకి వెళ్లిన ఆమె 1981 డిసెంబర్ 26న కన్నుమూశారు. 2018లో ‘మహానటి’ చూసి అందరూ ఏడ్చారు. బతికుండగా గుసగుసలు, పోయాక కన్నీళ్లు... ఇదెక్కడి న్యాయం చెప్పండి?

నాకు తెలిసిన కుర్రాడు ఒకడున్నాడు. ఉండేది కృష్ణానగర్‌లో, షూటింగుల్లో లైట్‌మ్యాన్. పేరు చెప్పను. ఆరేళ్లు తాగాడు. పేకప్ చెప్పాక రోడ్డుమీదే పడిపోయిన రాత్రులున్నాయి. అప్పుడెన్నడూ సిగ్గుపడలేదు. మానేద్దామని నిశ్చయించుకున్న రోజున మాత్రం ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది!

“ఆటోవాడికి ఎర్రగడ్డ ఆసుపత్రి అని చెప్పడానికి నోరు రాలేదన్నా! రైతుబజారు అని చెప్పి అక్కడ దిగి నడిచిపోయాను. ఎవరైనా చూస్తే కూరగాయలకనుకుంటారని చేతిలో సంచి కూడా పట్టుకెళ్లాను” అన్నాడు.

నవ్వొచ్చిందా? వస్తుంది మరి! కామెడీ సీన్లలో ‘ఎర్రగడ్డ’ మాట వినబడితే చాలు, హాలు హాలంతా గొల్లుమంటుంది. విశాఖ వైపు ‘పిచ్చాసుపత్రి’ అన్నా అంతే. పాపం, వాడి చేతికి ఆ సంచి ఇచ్చింది ఆ నవ్వే!

ఈ సిగ్గు ఊరికే పోదు, ప్రాణం మీదికి తెస్తుంది. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాళ్లు, నలుగురికీ తెలియకూడదని గది తలుపులేసుకుని ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడంతో ఆగదు. ఫిట్స్ రావచ్చు. లేనివి కనబడొచ్చు. ప్రాణమే పోవచ్చు. అందుకే డాక్టరు చూస్తుండగా, మందులతో మానాలి. తాగుడుకు బానిస కావడం ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో ఉన్న జబ్బు. షుగరున్నవాడు డాక్టరు దగ్గరికి దొంగచాటుగా వెళ్తాడా?

నోరు విప్పిన తారలూ ఉన్నారు. తనకు డిప్రెషన్ వచ్చిందనీ, చికిత్స తీసుకున్నాననీ దీపికా పడుకొనే 2015లో టీవీలో చెప్పింది. వేషాలు తగ్గాయా? అదే ఏడు ‘పీకూ’, ‘బాజీరావ్ మస్తానీ’ వచ్చాయి! పూజా భట్ 2016 చివర్లో తాగుడు మానేసింది. ఆ సంగతీ దాచుకోలేదు.

మా లైట్‌మ్యాన్ నాలుగు నెలలు బాగున్నాడు. ఒక పెళ్లిలో మళ్లీ గ్లాసు పట్టాడు. “ఏ మొహం పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లను?” అంటూ వారం రోజులు ఇంట్లోంచి కదల్లేదు. చివరికి వెళ్లాడు. డాక్టరు తిట్టలేదు. ఈ జబ్బులో ఇలా మళ్లీ మొదలవడం మామూలేననీ, వెంటనే రావడమే ముఖ్యమనీ చెప్పి మందు మార్చి పంపాడట. ఇప్పుడు సెట్లో ఎవరైనా “ఏరా, పెద్దమనిషివైపోయావా?” అని గ్లాసు చూపిస్తే “డాక్టరు వద్దన్నాడు” అని అందరికీ వినబడేలా అంటాడు!

ఆసుపత్రి గడప తొక్కడానికి ఇంకా కాళ్లు రాకపోతే ఫోనుంది. 14416కు చెయ్యండి. 2022 అక్టోబరులో మొదలైన ‘టెలి మానస్’ అది. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇక మీ స్నేహితుడెవరైనా చికిత్స చేయించుకుని తిరిగొస్తే “మానేశావటగా!” అని కన్ను గీటకండి. “మ్యాట్నీకి వస్తావా?” అని అడగండి. టిక్కెట్టు మీరే కొనండి!