ఐవోర్లు రోడ్డెక్కితే మనం నవ్వినాం

ఈ మాట కొందరికి కారంగా ఉంటుంది. అయినా రాస్తాండా.

2022 ఫిబ్రవరి 3న ఐవోర్లు, ఉద్యోగులు ‘ఛలో విజయవాడ’ అన్నారు. ఆ పొద్దు రచ్చబండ కాడ మనం ఏం మాట్లాడుకున్నామో గుర్తుందా? "నెల తిరిగితే జీతం వచ్చేవాళ్లకు ఏం కష్టమప్పా" అని. నేనూ అన్నా. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటాండా.

వాళ్ల లెక్క చూడండి. 2019 నుంచి 27 శాతం మధ్యంతర భృతి ఇచ్చిన ప్రభుత్వం, పీఆర్సీ కాడికి వచ్చేసరికి ఫిట్‌మెంట్ 23 శాతమే అనింది. ఇంటి అద్దె అలవెన్సు కూడా కోసింది. పాల డెయిరీవాడు లీటరుకు 40 ఇస్తా వచ్చి, "కొత్త రేటు 36" అంటే మనం ఊరుకుంటామా? 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు పాత పింఛను లేదు. గెలిచిన వారంలో సీపీఎస్ రద్దు చేస్తామని 2019 ఎన్నికల ముందర ఇచ్చిన మాట గాలికి పోయింది.

పోలీసులు బస్సులు ఆపినారు, ఇండ్ల కాడికి పోయి నోటీసులు ఇచ్చినారు. అయినా వేలమంది బీఆర్‌టీఎస్ రోడ్డు నింపేసినారు. రెండు రోజుల్లో చర్చలు ముగిసినాయి. ఇంటి అద్దె రోంత పెరిగింది, ఇచ్చిన భృతి తిరిగి వసూలు చేయమన్నారు. ఫిట్‌మెంట్ మాత్రం 23 కాడనే ఉండిపాయ. నాయకులు సమ్మె మానుకుంటే, "ఈ ఒప్పందం మాకొద్దు" అనింది ఐవోర్ల సంఘాలే.

అదే ఏడు జూన్‌లో 117 జీవో వచ్చింది. 3, 4, 5 తరగతుల పిలకాయల్ని ఊరిబడి నుంచి తీసి, కిలోమీటరు లోపలుండే హైస్కూలుకు పంపాలంట. మా మనవడు అప్పుడు మూడో తరగతి. లారీలు తిరిగే రోడ్డు దాటాల. మా కోడలు పొద్దున, సాయంత్రం పని వదిలిపెట్టి వాడి వెంట నడిచింది. ఆ జీవోలో ఏముందో మా వీధికి వచ్చి విడమరిచి చెప్పింది ఎవరనుకున్నారు? నేను ఎగతాళి చేసిన ఐవోరే. సంఘాలు కొట్లాడినాయి, చాలా ఊర్లలో తల్లులు బడి ముందర కూర్చున్నారు. 2025లో జీవో రద్దయింది. అప్పటికి మా మనవడి అయిదో తరగతి అయిపోయింది.

ఐవోర్లలో తప్పు లేదా? ఉంది. తమ బిడ్డల్ని ప్రైవేటు బడికి పంపి సర్కారు బడి కోసం మాట్లాడితే ఎవరు నమ్ముతారు? జీతం కోసం వచ్చినంత మంది బడి కోసం రాలేదు. ఆ మాట మొగం మీదనే అడగండి. అడిగి, పక్కన నిలబడండి.

ఇంక మన సంగతి. 2025లో తోతాపురి కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలు అన్నారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్ల మీద కాయ మాగిపోతా ఉంటే మనం ఏం చేసినాం? ఎవరి టోకెన్ కోసం వాళ్లు ఫోన్లు చేసుకున్నాం. ఢిల్లీ సరిహద్దుల్లో 2020 నవంబరులో కూర్చున్న రైతులు ఏడాది లేవలేదు. 2021 నవంబరు 19న మూడు చట్టాలు వెనక్కి తీసుకుంటామని ప్రధాని చెప్పాల్సి వచ్చింది. వాళ్లకు మనకన్నా భూమి ఎక్కువని కాదు, ఒకరు లేస్తే ఇంకొకరు నవ్వలేదు.

బడి కమిటీ మీటింగుకు ఈసారి ఆడోళ్లను పంపి ఊరుకోవద్దు, మనమూ పోదాం. ఐవోరు కరపత్రం ఇస్తే మడిచి జేబులో పెట్టుకోకుండా చదవండి. రేపు మన కాయ కోసం ఆయన్ని కూడా రమ్మని అడిగే హక్కు అప్పుడే మనకుంటుంది.