తామే రాసి, తామే వాయించి...

‘గో-గోస్’ బ్యాండు గురించి ఎవరు ఏం రాసినా ఒక వాక్యం తప్పకుండా వస్తుంది. పాటలు తామే రాసుకుని, వాద్యాలు తామే వాయించి, అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరిన తొలి మహిళా బ్యాండు అని. 1982 మార్చిలో వాళ్ళ ‘బ్యూటీ అండ్ ద బీట్’ అక్కడికి చేరి ఆరు వారాలు కదలకుండా ఉంది. అది నిజమే. నా పేచీ ఆ నిజంతో కాదు, ఆ వాక్యం కట్టిన తీరుతో. నలుగురు మగవాళ్ళున్న బ్యాండు గురించి ‘వాద్యాలు తామే వాయించారు’ అని ఎవరైనా రాయగా చూశామా? వాళ్ళు వాయించారంటే వాయించినట్టే. ఆడవాళ్ళు మాత్రం ముందు ప్రమాణం చేసి, ఆ తర్వాతే పాట మొదలుపెట్టాలి. మన దగ్గర ఒక రచయిత్రికి కాస్త పేరు రాగానే ‘ఆవిడే రాస్తుందా, వాళ్ళాయన రాసిపెడతాడా’ అని నవ్వుకునేవాళ్ళని చూసినవాళ్ళం మనం. మనకి ఈ అనుమానం కొత్తేమీ కాదు.

ఆ వాక్యంలో ఇంకో మెలిక ఉంది. 1966లోనే సుప్రీమ్స్ ఆల్బమ్ అదే పట్టికలో మొదటి స్థానంలో నిలబడింది. దాని పేరు కూడా ‘ద సుప్రీమ్స్ ఎ గో-గో’ కావడం తమాషా. ముగ్గురు నల్లజాతి స్త్రీలు. ‘తామే రాసి, తామే వాయించి’ అన్న షరతు పెట్టడంతో ఆ ముగ్గురూ లెక్కలోంచి జారిపోయారు. గిటారు పట్టినవాడు కర్త, గొంతెత్తి పాడిన స్త్రీ ఎవరో రాసిచ్చిన పాటకి అలంకారం అనేది రాక్ విమర్శ మగవాళ్ళ కోసం తయారుచేసుకున్న కొలబద్ద. దానితోనే కొలిచి ఐదుగురు తెల్ల అమ్మాయిల్ని మెచ్చుకుంటే ఆ ముగ్గురూ ఒక మెట్టు కిందికి దిగినట్టే. ఈ వాక్యాన్ని స్త్రీవాద విమర్శ కూడా కళ్ళకద్దుకుని వాడుకుంటోంది. నేనూ వాడాను, ఒకసారి కాదు.

వాళ్ళ చరిత్ర పట్టికలో మొదలవలేదు. 1978లో లాస్ ఏంజెలెస్‌లో, హాలీవుడ్‌లోని మాస్క్ అనే నేలమాళిగ క్లబ్బు చుట్టూ మొదలైంది. బెలిండా కార్లైల్, జేన్ వీడ్లిన్, మార్గో ఒలవరీయా, ఎలిసా బెల్లో. వాయించడం సరిగ్గా రాకుండానే వేదికెక్కారు. పంక్ ఇచ్చిన వరం అదే. గురువు దగ్గర పదేళ్ళు కూర్చున్నాకే నోరు విప్పాలనే నియమాన్ని అది లెక్కచేయలేదు. కానీ అదే క్లబ్బుల్లో మగపిల్లలు అపస్వరం పలికితే అది తిరుగుబాటు. ఆడపిల్లలు పలికితే చేతకానితనం. తర్వాత గిటారుకి షార్లట్ కాఫీ వచ్చింది. 1979లో ఎలిసా స్థానంలో బాల్టిమోర్ నుంచి వచ్చిన జీనా షాక్ డ్రమ్స్ ముందు కూర్చుంది. సాధన చేయక తప్పదని పట్టుపట్టింది ఆమే. 1980లో మ్యాడ్‌నెస్, స్పెషల్స్ బ్యాండ్లతో బ్రిటన్ తిరిగారు. ఆ పర్యటన కోసం మేనేజర్ జింజర్ కాన్జొనేరి సొంత సొత్తు అమ్ముకుంది. అక్కడ స్కిన్‌హెడ్ కుర్రాళ్ళు వాళ్ళ మీద ఉమ్మేవారు. ఒంటి మీది ఉమ్మి తుడుచుకుంటూ ప్రతి రాత్రీ మళ్ళీ వేదికెక్కిన వాళ్ళని ‘సరదా అమ్మాయిలు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు విమర్శకులు.

పెద్ద రికార్డు కంపెనీలు ఆడవాళ్ళ బ్యాండుకి మార్కెట్ లేదన్నాయి. చివరికి 1981లో ఐ.ఆర్.ఎస్. అనే చిన్న కంపెనీ ఒప్పుకుంది. నిర్మాత రిచర్డ్ గాటెరర్ పాటల వేగం తగ్గించి, రాగం పైకి తెచ్చాడు. రికార్డు విన్నప్పుడు ఇది తమ మోత కాదని వాళ్ళే కంగారుపడ్డారు. దాన్నే ‘పవర్ పాప్’ అన్నారు. గిటారు జోరు తగ్గకుండా, మూడు నిమిషాల్లో మనసుకి పట్టేసే పాట. అప్పటినుంచి వాళ్ళ మీద పడ్డ ముద్ర ఒకటే, పంక్‌ని అమ్ముకున్నారని.

సరే, రమోన్స్ సంగతి చూద్దాం. న్యూయార్క్ పంక్‌కి మూలపురుషులు. వాళ్ళు 1980లో ఫిల్ స్పెక్టర్‌ని నిర్మాతగా పెట్టుకుని, అరవైల నాటి అమ్మాయిల బృందం రానెట్స్ పాడిన పాటని వయొలిన్లతో సహా మళ్ళీ పాడారు. కొందరు ముఖం చిట్లించారు, అంతే. పంక్ నుంచి వాళ్ళని ఎవరూ వెలివేయలేదు. ఈ స్పెక్టరే 2009లో ఒక నటి హత్య కేసులో శిక్షపడి, జైల్లో ఉండగానే పోయాడు. గాటెరర్ కూడా అరవైల్లో అమ్మాయిల బృందాలకి పాటలు రాసినవాడే. ఇద్దరూ ఒకే బావిలో నీళ్ళు తోడారు. మగవాళ్ళు తోడితే సంప్రదాయానికి నివాళి, ఆడవాళ్ళు తోడితే కాలక్షేపం సరుకు. మన వారపత్రికల సీరియల్ నవలా రచయిత్రులకి అంటించిన మాట కూడా ఈ కాలక్షేపమే. ఆ నవలల కోసం వారం వారం ఎదురుచూసిన స్త్రీలకి అభిరుచే లేదన్నట్టు మాట్లాడిన విమర్శకులు నాకు పాఠ్యపుస్తకాల్లో ఎదురయ్యారు.

ఆల్బమ్ అట్ట మీద వాళ్ళు తువ్వాళ్ళు చుట్టుకుని, ముఖం నిండా క్రీము పూసుకుని ఉంటారు. ఎవరు ఎవరో పోల్చుకోలేం. ఆ ‘బ్యూటీ’ ఒక వేళాకోళం. 1982లో రోలింగ్ స్టోన్ పత్రిక వాళ్ళని తెల్లని లోదుస్తుల్లో ముఖచిత్రంగా వేసింది. పక్కన రెండర్థాల శీర్షిక పెట్టింది. ఒక అర్థం రికార్డు విడుదల, రెండోది పడకకి ఒప్పుకోవడం. ఫొటో తీసింది ఆనీ లీబోవిట్జ్, ఒక స్త్రీ. కెమెరా వెనక స్త్రీ ఉంటే చూపు మారిపోతుందని నమ్మేవాళ్ళు ఆ ముఖచిత్రాన్ని ఒకసారి ఎదురుగా పెట్టుకోవాలి.

ఇంతవరకూ నింద బయటివాళ్ళ మీద వేశాను. అది తేలిక. మార్గో సంగతి చెప్పకపోతే నేనూ ఆ వాక్యం రాసినవాళ్ళలాగే అవుతాను. బ్యాండు మొదలుపెట్టిన వాళ్ళలో ఆమె ఒకతె. పాప్ వైపు మళ్ళడం ఇష్టం లేదని చెబుతూ వచ్చింది. 1980 చివర జబ్బుపడింది. ప్రదర్శనలు ఆగకూడదని కాథీ వాలెంటైన్‌ని పిలిచారు. ఆమె గిటారు వాయించేది, బేస్ ఎప్పుడూ ముట్టుకోలేదు. అయినా కొద్ది రోజుల్లో పాటలన్నీ నేర్చేసుకుంది. జనవరికల్లా మార్గోని తీసేశారు. ఆ తర్వాత నాలుగు నెలలు తిరక్కుండా కంపెనీతో ఒప్పందం. ఇందులో మగవాడి కుట్ర వెతకడం నాకు చేతకాదు. డబ్బు వచ్చాక సంగతి మరీ చెడింది. పాట కింద పేరున్నవాళ్ళకే రాయల్టీ. అందరూ వాయించిన పాటకి కొందరే హక్కుదార్లు. డ్రమ్స్ మీద చెమటోడ్చినదానికి రచన అని పేరు లేదు. ‘తామే రాసి’ అన్న ఆ గొప్ప మాట లోపల ఎవరు రాశారన్న తగువు నలుగుతూనే ఉంది. పెద్ద మేనేజ్‌మెంట్ వచ్చాక జింజర్ వెళ్ళిపోయింది. 1984లో జేన్ వెళ్ళింది. 1985లో బ్యాండే లేదు. తర్వాత మళ్ళీ కలిశారు, విడిపోయారు. మార్గో చోట్లోకి వచ్చిన కాథీని 2013లో పక్కనపెడితే ఆమె కోర్టుకెళ్ళింది. 2018లో తిరిగి వచ్చింది.

ఈ మరకలు చెబితే శత్రువుకి ఆయుధం అందించినట్టవుతుందని ఒక మిత్రురాలు అంది. మగ బ్యాండ్ల కొట్లాటలు పురాణాలవుతాయి, వాటి మీద లావుపాటి పుస్తకాలొస్తాయి. ఆడవాళ్ళ కొట్లాటకి మాత్రం ‘ఆడవాళ్ళు కలిసి ఉండలేరు’ అన్న సామెత సిద్ధంగా ఉంటుంది. దానికి భయపడి మనం అక్కచెల్లెళ్ళ సఖ్యత అనే పటం గోడకి తగిలిస్తాం. పటం వెనక మార్గో ఉంటుంది. ఆమె తప్పుకున్నాక వచ్చిన విజయాన్ని ‘స్త్రీల విజయం’ అని రాసేటప్పుడు ఏ స్త్రీలు అని అడగకుండా నేనింక ముందుకు పోలేను.

రమోన్స్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అర్హత వచ్చిన మొదటి ఏడే, 2002లో, లోపలికి పిలిచింది. గో-గోస్‌కి ఆ పిలుపు 2021లో వచ్చింది, అర్హత వచ్చాక దాదాపు పదిహేనేళ్ళకి. పిలిచింది ఐదుగుర్ని. బెలిండా, జేన్, షార్లట్, జీనా, కాథీ. మార్గో ఒలవరీయా పేరు, ఎలిసా బెల్లో పేరు ఆ జాబితాలో లేవు.