నాయిన యాది అప్పు కావద్దు

జనవరి 1 అంటే లోకానికి కొత్త సంవత్సరం. మా డోర్నకల్‌కు మాత్రం అది ఒక తండ్రి కన్నుమూసిన రోజు కూడా. 1945 జనవరి 1న బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఎనభై ఏండ్లు దాటింది. ఆయనను కండ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఎక్కడ దొరుకుతారు? అయినా మా ఇంట్లో ఇప్పటికీ ఆయన మాట వస్తే 'మన బిషప్పు' అనే అంటారు. తాతలు మా నాయినకు చెప్పారు, నాయిన మాకు చెప్పాడు.

ఆ నాయిన కూడా పోయి రెండేండ్లయింది. ఆయనకు ఏ చరిత్ర పుస్తకంలోనూ చోటు లేదు. రైల్వేలో కీమన్. భుజం మీద సుత్తె, చేతిలో స్పానర్, చంకలో ఎర్రజెండా పెట్టుకుని రోజూ తన వంతు పట్టాల వెంట నడిచిన మనిషి. మిషన్ హాస్టల్లో నాలుగు అక్షరాలు నేర్చుకుని, ఆ అక్షరాలతో రైల్వే కొలువు పట్టుకుని, మమ్మల్ని డిగ్రీ దాకా చదివించాడు. డోర్నకల్‌లో, చుట్టుపక్కల తండాల్లో, పల్లెల్లో ఇలాంటి తండ్రులు వేలమంది. అందుకే ఈ మాట మా ఒక్క ఇంటిది కాదని రాస్తున్నాం.

నాయినను భూస్థాపన చేసిన మూడో రోజే ఇంట్లో పంచాయితీ మొదలైంది. జ్ఞాపకార్థ కూడిక ఎట్ల చేయాలి? మేనమామ అన్నాడు: "రైల్వే పెన్షన్ మనిషి. నాలుగు వందల మందికి బిర్యానీ పెట్టకపోతే ఊరు నవ్వుతది." చిన్నాయిన అన్నాడు: "స్టేషన్ కాడ ఒకటి, బస్టాండ్ కాడ ఒకటి ఫ్లెక్సీలు పడాలె. సమాధికి నల్లరాయి పెట్టాలె." లెక్క కడితే రెండు లక్షలు దాటింది. డబ్బు ఎక్కడిది? దానికీ మనిషి సిద్ధంగానే ఉన్నాడు. నూటికి మూడు రూపాయల మిత్తి, కాగితం మీద సంతకం పెడితే సాయంత్రానికి చేతిలో పైసలు.

పెన్ను మా చేతిలో ఉంది. అప్పటిదాకా మూలకు కూర్చున్న అమ్మ నోరు తెరిచింది. "బతికినన్ని రోజులు ఆయన అప్పుకే భయపడ్డడు. సచ్చినంక ఆయన పేరు మీద అప్పు రాయకుండ్రి. వచ్చినోళ్లకు మాత్రం ఇంత అన్నం పెట్టుండ్రి. నలుగురు తిని పోతేనే నాకు నిమ్మళం."

ఆ మాటతో కాగితం పక్కకు పోయింది. అన్నం, పప్పు, ఒక కూర వండించాం. నాయినతో పనిచేసిన గ్యాంగ్ వాళ్లు వచ్చారు. పాట పాడారు, ప్రార్థన చేశారు. తర్వాత ఒక్కొక్కరు లేచి నాయిన గురించి చెప్పారు. వానాకాలం ఒక రాత్రి పట్టా కింద మట్టి జారిన సంగతి పసిగట్టి, ఎర్రలైటు పట్టుకుని బండికి ఎదురు ఉరికాడట. ఇరవై ఏండ్ల కింది ముచ్చట. ఇంట్లో ఒక్కనాడు చెప్పలేదు. ఆ రోజు నవ్వినం, ఏడ్చినం. నాలుగు వందల బిర్యానీ ప్లేట్లు పెట్టి ఉంటే ఆ ముచ్చట మా చెవిన పడేదా? ఎవరికి ముక్క పడింది, ఎవరికి పడలేదు అన్న లెక్కల్లోనే పొద్దుపోయేది.

ఇది క్రైస్తవుల ఇంటి ముచ్చట మాత్రమే కాదు. హిందువుల ఇంట్లో పెద్దకర్మ, ముస్లింల ఇంట్లో నలభయ్యో రోజు. పేరు వేరు, అప్పు ఒక్కటే. తండ్రి పోయిన దుఃఖం ఒకవైపు, ఏమనుకుంటారోనన్న భయం మరోవైపు. ఆ భయమే భూమిని కుదువ పెట్టిస్తుంది, బిడ్డ చదువును ఆపుతుంది. తండ్రి కష్టపడి కూడబెట్టింది తండ్రి పేరు మీదనే కరిగిపోతుంది. దీన్ని ప్రేమ అందామా?

డోర్నకల్ వాళ్లుగా మేము ఈ ప్రశ్న అడగడానికి ఒక కారణం ఉంది. నూరేండ్ల కిందనే ఇక్కడొక మనిషి పల్లె పల్లె తిరిగి ఇదే మాట చెప్పారు. అప్పు, తాగుడు, మురికి, రోగం – ఈ నాలుగూ బీదవాడిని పట్టిన దయ్యాలన్నారు. ఆయనే బిషప్ అజరయ్య. ఎడ్లబండి మీద, సైకిల్ మీద తిరిగారు. ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు. వాళ్ల పిల్లలకు బడి పెట్టారు, హాస్టల్ పెట్టారు, వాళ్లలోంచే పాస్టర్లను, పంతుళ్లను తయారుచేశారు. మా నాయిన నేర్చిన నాలుగు అక్షరాల మొదలు అక్కడుంది.

ఆయన మన ప్రాంతం మనిషి కాదు. ఈ మాట మా పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళైలో పుట్టిన తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చేనాటికి ఇది నిజాం రాజ్యంలో ఒక చిన్న రైల్వే జంక్షన్. వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొట్టమొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేండ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముందే నిలబడి, మాకు మీ దానాలు చాలు, సమానులుగా చూసే స్నేహం కావాలని అడిగిన ధైర్యం ఆయనది.

అంత పేరొచ్చాక మద్రాసులోనో కలకత్తాలోనో స్థిరపడవచ్చు. డోర్నకల్‌లోనే ఉన్నారు, డోర్నకల్‌లోనే పోయారు. ఉద్యమం నడిచిన రోజుల్లో మమ్మల్ని ఎందరో అడిగారు: "బయటివాళ్లంటే మీకెందుకంత కోపం?" మా జవాబు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కోపం బయటి నుంచి వచ్చినందుకు కాదు, వచ్చి మా మీద పెత్తనం చేసినందుకు. నమ్మకపోతే డోర్నకల్ వచ్చి చూడండి. తమిళుడిని తండ్రి అని పిలుచుకున్న ఊరు ఇది.

1939 జనవరి 6న ప్రతిష్ఠించిన మా కథీడ్రల్‌ను చూసినా ఇదే అర్థమవుతుంది. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, స్తంభాలు చూస్తే గుడి గుర్తొస్తుంది, లోపల మోకరిస్తే చర్చి. ఇంగ్లండు చర్చి నమూనాను తెచ్చి ఇక్కడ దించలేదు. ఇక్కడి మట్టిలో ఉన్నదే తీసుకుని కట్టారు.

ఆయనతో విభేదించినవాళ్లు లేరా? ఉన్నారు. 1930లలో మతమార్పిడుల మీద గాంధీజీకీ ఆయనకూ పొసగలేదు. ఆ చర్చ ఇప్పటికీ నడుస్తూనే ఉంది, నడవనివ్వండి. అదే అజరయ్య క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దని కూడా అన్నారు. తండ్రిని తలుచుకోవడమంటే ఆయనను దేవుణ్ని చేయడం కాదు. ఆయన వాదులాటలతో సహా తలుచుకోవాలి.

మా నాయినతో మాకూ వాదులాట ఉండేది. 2011 సకల జనుల సమ్మెలో రైళ్లు ఆపాలని పిలుపు వస్తే మేము డోర్నకల్ జంక్షన్‌లో పట్టాల మీద కూర్చున్నాం. ఆ పట్టాలు నాయినవి. డ్యూటీలో ఉన్న మనిషి మా ముందుకొచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాం. "కూసుంటె కూసోండ్రి. పట్టాకు మాత్రం చెయ్యి పెట్టకుండ్రి. రేపు తెలంగాణ వచ్చినా బండి ఈ పట్టా మీదనే పోవాలె" అన్నాడు. సాయంత్రం క్యాన్‌తో మంచినీళ్లు పంపాడు. ఆయనది డ్యూటీ, మాది ఉద్యమం. రెండూ నిజమేనని ఆ నీళ్లు తాగినప్పుడు అర్థమైంది.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. జయశంకర్ సార్ చూడలేదు. 1934లో అక్కంపేటలో పుట్టి, పెండ్లి చేసుకోకుండా తెలంగాణకే బతుకంతా ఇచ్చిన మనిషి, 2011 జూన్ 21న మూడేండ్ల ముందే వెళ్లిపోయారు. అజరయ్య కూడా అంతే. దక్షిణాది సంఘాలన్నీ ఒక్కటి కావాలని ఏండ్ల తరబడి పాటుపడ్డారు. సీఎస్ఐ 1947 సెప్టెంబర్ 27న ఏర్పడేనాటికి ఆయన లేరు. నాటు వేసినవాళ్లు కోత చూడలేదు. సార్ పేరు 2016లో ఒక జిల్లాకు పెట్టారు, సంతోషం. ఏటా రెండుసార్లు విగ్రహానికి దండలు వేస్తున్నారు, వేయండి. కానీ సార్ నీళ్లు, నిధులు, నియామకాల లెక్కలు విప్పి చెప్పిన మనిషి. దండ వేసిన చేయి ఆ లెక్క కూడా అడగకపోతే అది వర్ధంతి అవుతుంది, యాది కాదు.

ఇంకో తండ్రులున్నారు. ఉద్యమంలో బిడ్డలను పోగొట్టుకుని, కొడుకు ఫొటోకు తామే దండ వేసిన తండ్రులు. వాళ్లలో చాలామంది ముసలివాళ్లయ్యారు, కొందరు పోయారు. వాళ్లు పోయినప్పుడు ఎందరం వెళ్లాం? వాళ్ల ముచ్చట ఎందరం రాసిపెట్టాం?

మిత్రులారా, విద్యార్థులారా, ఉద్యోగులారా! మీ నాయిన బతికుంటే ఈ వారమే పక్కన కూర్చోండి. ఎక్కడ పుట్టాడో, ఎవరు చదివించారో, ఏ పనికి మొదటి జీతం అందుకున్నాడో అడిగి రాసుకోండి. పోయి ఉంటే ఆయన తోటివాళ్లను పిలిచి ఇంత అన్నం పెట్టి వాళ్లను మాట్లాడనివ్వండి. అప్పు తెచ్చే పైసలుంటే, అందులో పదో వంతుతో ఒక బీద పిల్లకు పుస్తకాలు, పరీక్ష ఫీజు వస్తాయి. మా ఇంట్లో అలాగే మొదలుపెట్టాం. నాయిన పేరు మీద ఏటా ఒక గ్యాంగ్‌మన్ బిడ్డకు కాలేజీ పుస్తకాలు కొంటున్నాం. పెద్ద మొత్తమేం కాదు, మిత్తి లేని మొత్తం.

నల్లరాయి లేని నాయిన సమాధి మీద ఇప్పుడు గడ్డి మొలిచింది. జనవరి 1న పొద్దున్నే వెళ్లి శుభ్రం చేసి వస్తాం. దారిలో బిషప్పును కూడా తలుచుకుని వస్తాం. డోర్నకల్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా మాతో రావచ్చు.