కీర్తి బొప్పాయి ఆకుకి

డెంగీ రోగిని చూడ్డానికి వెళ్లినవాళ్లు మొదట అడిగేది ‘ప్లేట్‌లెట్స్ ఎంతున్నాయి?’ అనే. ఆ వెంటనే సలహా: బొప్పాయి ఆకు దంచి రసం పట్టండి, మేకపాలు తాగించండి.

రసం తాగిన మనిషి లేచి తిరుగుతాడు కూడా. ఎందుకు తిరగడు? డెంగీలో ప్లేట్‌లెట్లు జ్వరం దిగే రోజుల్లో అడుగంటి, ఆ తర్వాత చాలామందికి వాటంతట అవే పుంజుకుంటాయి. ఊరంతా వెతికి ఆకు తెచ్చి, దంచి, వడగట్టి గ్లాసు చేతికిచ్చేది సరిగ్గా అప్పుడే. కాకి వాలింది, తాటిపండు పడింది. కౌంటు కాస్త త్వరగా పెరిగిందన్న చిన్న పరిశోధనలు లేకపోలేదు. ప్రాణం నిలిపినట్టు మాత్రం ఏదీ రుజువు చెయ్యలేదు.

ప్రమాదమంతా ఆ అంకెలోనే లేదు. జ్వరం దిగే ఒకటి రెండు రోజుల్లో కొందరికి రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి ఊరిపోతుంది; రక్తం చిక్కబడి బీపీ పడిపోతుంది. ‘రసం పనిచేసింది’ అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే వేళ అదే. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ఆస్పత్రికి పరుగెత్తాలి. జ్వరానికీ నొప్పులకీ పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ముట్టకూడదు.

ఇటు అదే ఇంటి హాల్లో, గాజుగిన్నెలో గులకరాళ్ల మధ్య ఎర్ర రిబ్బను కట్టుకుని లక్కీ బాంబూ. అది వెదురే కాదు, డ్రసీనా అనే మొక్క. అదృష్టం తెస్తుందని కొన్నది కదా, కదిలించడానికి చెయ్యి రాదు. నీళ్లు తగ్గితే పైన పోస్తారు, అంతే. 2001లో చైనా నుంచి కాలిఫోర్నియాకు ఓడల్లో వచ్చిన ఈ మొక్కల నీళ్లలోనే ఏషియన్ టైగర్ దోమ అక్కడ దిగింది. అదీ డెంగీని మోసేదే. మన ఇళ్లలోని ఈడిస్ ఈజిప్టై దోమకూ అలాంటి నిలవనీళ్లే కావాలి. గిన్నె మీద టార్చి వేసి చూడండి: వంకర్లు తిరుగుతూ ఆడే పురుగులు వెలుగు పడగానే అడుగుకు జారుకుంటాయి. మనీప్లాంటు సీసా, ఈశాన్యంలో పూలు వేసిన ఇత్తడి పళ్లెం కూడా ఆ కోవవే. వీటి మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

దోమల కోసం వీధిలో వచ్చే పొగబండి సాంబ్రాణి ధూపం లాంటిదే. ఈ దోమ ఉండేది ఇంట్లో, తగిలించిన బట్టల వెనక, కుట్టేది పగలు.

ఆరోగ్య శాఖ శుక్రవారాన్ని నిలవనీళ్లు పారబోసే డ్రై డే అంది. గుడ్లు గిన్నె అంచుకు అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి పారబోస్తే చాలదు, పీచుతో తోమాలి. శుక్రవారం లక్ష్మి గడప దాటకూడదని చేబదులు కూడా ఇవ్వనివాళ్లు శనివారం తోముకోవచ్చు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది.