దొంగల మునిమనవలూ, నంబర్ల పిల్లలూ

"మా ముత్తాత దొంగ" అని ఎవరైనా ఊరి రచ్చబండ మీద కూచుని గర్వంగా చెప్పుకుంటారా? ఆస్ట్రేలియాలో చెప్పుకుంటున్నారు. వంశవృక్షంలో అందరికంటే పైన ఆ దొంగ పేరే రాసుకుంటున్నారు.

1788 నుంచి 1868 దాకా బ్రిటన్ సుమారు 1,62,000 మంది ఖైదీలను ఓడలెక్కించి ఆస్ట్రేలియాలో దించింది. వాళ్ళలో చాలామంది చిన్నచిన్న దొంగతనాలకు ఏడేళ్ళ శిక్ష పడ్డ బీదవాళ్ళు. వాళ్ళ పిల్లలు, మనవలు ఆ సంగతి తరాల తరబడి కప్పిపుచ్చుకున్నారు. దానికి 'ఖైదీ మచ్చ' అనే పేరే ఉండేది. వాన్ డీమెన్స్ ల్యాండ్ అనే దీవి 1856లో టాస్మేనియా అయింది. ఆ పేరు మార్పు వెనక ఈ మచ్చ కడుక్కోవాలన్న ఆరాటం ఉంది. అదే మచ్చ ఇవాళ వారసత్వ సంపద. ఆ ఖైదీల రికార్డులను 2007లో యునెస్కో తన 'ప్రపంచ స్మృతి' జాబితాలో చేర్చుకుంది.

మచ్చ ముత్యంగా మారడానికి ఆన్‌లైన్ రికార్డులు బాగా పనికొచ్చాయి. టాస్మేనియా ప్రభుత్వ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఒక పేరు కొడితే, ఆ ఖైదీ రిజిస్టరు పేజీ పైసా ఖర్చు లేకుండా తెర మీదికొస్తుంది. ఎత్తు, కళ్ళ రంగు, తెలిసిన పని, చేసిన నేరం, అక్కడికొచ్చాక పడిన శిక్షలు, అన్నీ అందులో ఉంటాయి. జాతీయ గ్రంథాలయం 2009లో మొదలుపెట్టిన 'ట్రోవ్'లో పాత పత్రికలు వెతకొచ్చు. కంప్యూటర్ తప్పుగా చదివిన అక్షరాలను పాఠకులే కూచుని దిద్దుతుంటారు. న్యూ సౌత్ వేల్స్‌లో వందేళ్ళు దాటిన జననాలు, యాభై ఏళ్ళు దాటిన పెళ్ళిళ్ళు, ముప్ఫై ఏళ్ళు దాటిన మరణాల సూచిక ఎవరైనా చూడొచ్చు.

దొరకనిది జనాభా లెక్కల కాగితం. న్యూ సౌత్ వేల్స్ 1881 లెక్కల కాగితాలు మరుసటి ఏడాది సిడ్నీ గార్డెన్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఆ తర్వాత దేశం మొత్తానికి జరిగిన లెక్కల్లో, అంకెలు తీసుకున్నాక పేర్లున్న కాగితాలను ప్రభుత్వమే నాశనం చేస్తూ వచ్చింది. దాచమని అడిగినవాళ్ళ కాగితాలను 99 ఏళ్ళు భద్రపరిచే పద్ధతి 2001లో గానీ రాలేదు. కాబట్టి అక్కడ బీదవాడి జాడ కావాలంటే పుట్టుక, పెళ్ళి, చావు, కోర్టు కేసు, ఇవే దిక్కు. ఇంగ్లండులో ఎవరి జోలికీ పోకుండా బతికిన కూలివాడి కళ్ళ రంగు ఇవాళ ఎవరికీ తెలియదు. దొంగతనం చేసి దొరికిపోయినవాడిది మాత్రం రాసి ఉంది. రాజ్యం బీదవాణ్ణి పట్టి చూసేది పట్టుకున్నప్పుడే.

ఇంతవరకూ కథ మనకీ నచ్చుతుంది. అవమానించడానికి రాసిన రాతనే మునిమనవలు తమ సొంతం చేసుకున్నారు. కానీ అదే దేశంలో అదే పనికి ఒక ఆదివాసీ స్త్రీ కూచుందనుకోండి. ఆమెకి కావాల్సింది వాళ్ళ అమ్మమ్మ పేరు.

1901 నాటి ఆస్ట్రేలియా రాజ్యాంగంలో 127వ సెక్షన్ ఉండేది. దేశ జనాభా లెక్కగట్టేటప్పుడు ఆదివాసులను కలపకూడదని దాని సారం. 1967 రిఫరెండంతో గానీ అది పోలేదు. అలాగని వాళ్ళ గురించి రాయడం మానారా? కట్టలకొద్దీ రాశారు. న్యూ సౌత్ వేల్స్‌లో 1909 చట్టం కింద ఆదివాసుల 'రక్షణ' బోర్డు నడిచింది. 1915 సవరణతో ఆ బోర్డు కోర్టు మెట్లెక్కకుండానే తల్లుల ఒడిలోంచి పిల్లలను లాక్కుపోగలిగింది. 1924లో తెరిచిన కించెలా బాలుర హోంలో పిల్లలను పేర్లతో కాకుండా నంబర్లతో పిలిచారు. 1910 నుంచి 1970 వరకు ప్రతి ముగ్గురిలో ఒకరికీ ప్రతి పదిమందిలో ఒకరికీ మధ్య ఆదివాసీ పిల్లలను కుటుంబాల నుంచి విడదీశారని 1997 నాటి 'బ్రింగింగ్ దెమ్ హోమ్' నివేదిక అంచనా కట్టింది. లెక్కలో లేని మనుషులకు ఫైళ్ళు మాత్రం ఉన్నాయి.

ఆ ఫైళ్ళ భాష చూడండి. 'హాఫ్-కాస్ట్'. మన కులాన్ని ఇంగ్లీషులో ఏ మాటతో పిలుస్తారో అదే మాటతో అక్కడ పసిపిల్లల రక్తాన్ని కొలిచారు. విక్టోరియాలో 1886 నాటి చట్టాన్ని జనం పిలిచే పేరే హాఫ్-కాస్ట్ చట్టం. పాత పత్రికల్లో అమ్మమ్మ జాడ వెతకాలంటే ఆ మనవరాలు ఒక్కోసారి ఆ తిట్టునే తన వేళ్ళతో టైపు చేయాలి. అమ్మమ్మకి అక్కడ ఇంటిపేరు ఉండకపోవచ్చు. తెల్లవాళ్ళు పెట్టిన ఏదో ముద్దుపేరు మాత్రమే ఉండొచ్చు.

ఖైదీ మునిమనవడు ఎవరి అనుమతీ అడగడు. ఈ మనవరాలు బోర్డు ఫైలు చూడాలంటే చాలాసార్లు దరఖాస్తు పెట్టుకోవాలి, చుట్టరికం రుజువు చేసుకోవాలి. చుట్టరికానికి రుజువు ఆ ఫైల్లోనే ఉంటుంది! విడిపోయిన కుటుంబాలను కలపడానికి 1980లో లింక్-అప్ అనే సంస్థ పుట్టింది అందుకే.

"అయితే అన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేస్తే సరిపోతుంది కదా" అంటారు మన మిత్రులు కొందరు. నేను ఒప్పుకోను. ఒక అధికారి ఒక తల్లి గురించి రాసిన నీచమైన మాటలను ప్రపంచమంతా చదవాల్సిన పని లేదు. తాళం ఉండొచ్చు. తాళంచెవి ఆ కుటుంబం చేతిలో ఉండాలి. 1997 నివేదిక సిఫారసు చేసిందీ ఆ దారిలోనే. ఆ రికార్డులను నాశనం చేయడం నిషేధించాలంది, ఎవరి కాగితాలు వాళ్ళకి ఉచితంగా ఇవ్వాలంది. నేను ఇంకో మాట కలుపుతాను. ఆ ఫైలు పక్కనే జవాబు రాసే హక్కు కూడా ఆ కుటుంబానికి ఉండాలి.

జవాబు హక్కు లేకపోతే ఏమవుతుందో యోర్టా యోర్టా ప్రజలను అడగండి. మర్రీ నది ఒడ్డున తమ పూర్వీకుల నేల కోసం వాళ్ళు కోర్టుకెళ్ళారు. పెద్దలు సాక్ష్యం చెప్పారు. 1998లో ఫెడరల్ కోర్టు జడ్జి వాళ్ళ నోటి మాట కంటే ఎడ్వర్డ్ కర్ అనే తెల్ల భూస్వామి రాసుకున్న జ్ఞాపకాలకే ఎక్కువ విలువిచ్చాడు. అంతకంటే ఘోరం ఇంకోటుంది. 1881లో మలోగా మిషన్‌లో ఉన్న ఆదివాసులు, మా భూమి పోయింది, బతకడానికి కాస్త నేల ఇవ్వమని గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీనే జడ్జి వాళ్ళకి వ్యతిరేకంగా వాడాడు. సంప్రదాయం తెగిపోయిందని మీరే రాసిచ్చారు కదా అన్నాడు. 2002లో హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఆ తీర్పునే నిలబెట్టింది. భూమి అడిగిన కాగితమే భూమికి అడ్డుగోడ అయింది. పాత కాగితం పవిత్రమైనదని నమ్మే పరిశోధక విద్యార్థులు ఈ తీర్పు తప్పక చదవాలి.

ఈ కథ మనకి దూరం కాదు. ఆస్ట్రేలియాకు చివరి ఖైదీల ఓడ చేరింది 1868 జనవరిలో. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1871లో, అదే సామ్రాజ్యం మన దేశంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. అక్కడ నేరం చేసినవాడే దొంగ. ఇక్కడ పుట్టినవాడల్లా దొంగ. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పి, హాజరు పట్టీలు రాశారు. 1952లో చట్టం పోయింది. ఊరి మీద ముద్ర పోయిందా? అక్కడ దొంగ మునిమనవడికి దొరికింది వంశగౌరవం. ఇక్కడ ఏ దొంగతనమూ చేయనివాడి మునిమనవడికి మిగిలింది పోలీసు అనుమానం. రెండు రిజిస్టర్లూ రాసింది ఒకే సామ్రాజ్యం. తేడా తెచ్చింది, తర్వాత అధికారం ఎవరి మనవల చేతికి వచ్చిందన్నదే. మచ్చ కడగడానికి డేటాబేస్ ఒక్కటే చాలదు, నేల మీద అధికారం కావాలి.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, రేపు మన పల్లెల రికార్డులు కూడా తెర మీదికొస్తాయి. పండగ చేసుకునే ముందు, ఎవరు రాశారు, ఏ శీర్షిక కింద రాశారు, తాళం ఎవరి దగ్గరుంది అని అడగండి. అవి వచ్చేదాకా ఖాళీగా కూచోకండి. ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు మీ అమ్మమ్మ దగ్గర కూచుని, వాళ్ళమ్మ పేరు, ఆమె నాట్లేసిన పొలం, ఆ పొలం ఎవరి పేరు మీదుందో అడిగి రాసుకోండి. తేదీ వేయండి. ఆమె చేత వేలిముద్రో సంతకమో చేయించండి. మన గురించి వాళ్ళు రాసిన ఫైలు ఎప్పుడో తెరుచుకుంటుంది. ఆ రోజుకి దాని పక్కన పెట్టడానికి మన కాగితం కూడా ఉండాలి.

జై భీమ్.