భయపెడితే పడిపోతారా?

"అమ్మాయిని జెయింట్ వీలెక్కించు, గుండెదడనే ప్రేమనుకుంటుంది" - డేటింగ్ గురువులు తెగ అమ్ముకుంటున్న చిట్కా ఇది. ఆధారమేంటయ్యా అంటే, 1974లో డటన్, ఆరన్ అనే సైకాలజిస్టులు వాంకూవర్ దగ్గర కపిలానో ఊగే వంతెన మీద చేసిన ప్రయోగమట. పూర్తిగా చదివి ఏడిస్తే బావుణ్ణు! అక్కడ దడ పుట్టింది మగాళ్ళకి, అదీ వాళ్ళంతట వాళ్ళే ఎక్కి. ప్రశ్నలడిగిన అమ్మాయి నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది ఫోన్ చేశారు. కదలని వంతెన మీదైతే 16 మందిలో ఇద్దరు. ఫోన్ చేశారన్నారు, ప్రేమించారన్లేదు మహాప్రభో!

మనిషిని కూడా ఇన్‌పుట్టిస్తే అవుట్‌పుట్టిచ్చే ఫంక్షననుకునే మా కోడర్లకిది నచ్చడంలో వింతేం లేదు. కానీ "వద్దు, నాకు భయం" అని ఆ పిల్ల అంటే, చిట్కా పనిచేస్తోందని మురిసిపొమ్మంటున్నారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండేది.