ఆటవస్తువులు – అక్రమధనము

ధనమును దొంగిలించుటకంటె, దొంగిలించిన ధనమును నిర్భయముగా అనుభవించుట కష్టము. సొమ్ము చేతికి వచ్చిన క్షణమునుండి దొంగను ఒక భయము వెన్నాడుచుండును. "ఈ ధనము నీకెక్కడిది?" అని ఎవరైన అడిగినచో అతడు చెప్పదగిన సమాధానము లేదు. అందుచేతనే పూర్వకాలమున దొంగలు నగలను నగలుగా అమ్ముటకు జంకుచుండిరి. లోభియగు ఏ వర్తకునో ఆశ్రయించి, వానిని మూసలో కరగించి, ముద్దచేసి అమ్ముచుండిరి. హారమును దాని యజమాని గుర్తుపట్టగలడు. బంగారు ముద్దను ఎవరు గుర్తుపట్టగలరు?

అక్రమముగా వచ్చిన ధనము యొక్క పుట్టుకను మరుగుపరచి, అది న్యాయార్జితమువలె కనబడునట్లు చేయుటను నేడు మనీ లాండరింగ్ అని వ్యవహరించుచున్నారు. లాండరింగ్ అనగా బట్టలు ఉదుకుట. కాని రేవున ఉదికిన బట్టకు మురికి నిజముగా పోవును. ఈ ధనమునకు పోయినట్లు కనబడును, అంతియే.

కాలముతోపాటు మూసయు మారినది. కంప్యూటరులందును, ఫోనులందును ఆడు ఆటలలో అనేక వస్తువులు అమ్మబడుచున్నవి. ఆటలోని వీరునికి దుస్తులు, తుపాకికి రంగుల తొడుగు, మూసియున్న పెట్టెకు తాళపుచెవి – ఇట్టివన్నియు అందు లభించును. ఇవి చేతితో తాకదగినవి కావు. ఐనను వానికి చెల్లించునది నిజమైన ధనమే. కొన్న వస్తువును మరియొకరికి అమ్ముకొను వీలున్నచో అది సరకగును. సరకున్నచోట సంత ఏర్పడును. సంత ఏర్పడినచోటికి దొంగయు వచ్చును.

ఇందుకు కౌంటర్‌స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్ అను ఆట ప్రసిద్ధమైన ఉదాహరణము. అమెరికాలోని వాల్వ్ సంస్థ దానిని 2012లో వెలువరించినది. 2013లో అందు మూసియున్న పెట్టెలు ప్రవేశపెట్టబడినవి. పెట్టెను తెరచుటకు తాళపుచెవి కావలెను. దాని వెల 2 డాలర్ల 49 సెంట్లు. ఆటగాండ్రు ఆ తాళపుచెవులను తమలోతాము మార్చుకొనుటకు 2019 వరకు వీలుండెను. స్టీమ్ అను ఆ సంస్థ సంతలో అమ్ముకొనుటకును వీలుండెను. ఆ సంతలో వచ్చిన సొమ్మును నగదుగా తీసికొనుటకు వీలులేదు. కాని బయట వెలసిన అంగళ్లు ఆ వస్తువులను కొని నగదే ఇచ్చుచుండెను. తాళపుచెవి వెల స్థిరము. దానిని కోరువారు అనేకులు. ఆ విధముగా ఆటలోని ఒక చిన్నవస్తువు నాణెమువలె చెలామణి కాసాగెను.

దొంగలకు కావలసినదియు ఇదియే. పరుల క్రెడిట్ కార్డుల అంకెలను అపహరించినవాడు వానితో తాళపుచెవులను రాశిగా కొనును. ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు మార్చి జాడ చెరపును. పిదప వెలకంటె తక్కువకు వానిని అమ్మివేయును. కొన్న బాలుడు చవక దొరికినదని సంతోషించును. దొంగకు మాత్రము "ఆటవస్తువుల విక్రయము" అను పేరుతో చక్కని ధనము చేరును. కార్డు యజమాని మోసమును కనుగొని బ్యాంకునకు తెలుపునప్పటికి ఆ వస్తువు ఎన్నియో చేతులు దాటియుండును.

2019 అక్టోబరులో వాల్వ్ సంస్థయే ఈ సంగతిని ప్రకటించినది. ప్రపంచవ్యాప్తమైన మోసగాండ్ర ముఠాలు తమ రాబడిని నగదు చేసికొనుటకు తాళపుచెవులను వాడుచున్నవనియు, కొనిన పిమ్మట చేతులు మారుచున్న తాళపుచెవులలో దాదాపు అన్నియు మోసమువలన వచ్చినవేయని తాము నమ్ముచున్నామనియు తెలిపినది. నాటినుండి క్రొత్తగా కొన్న తాళపుచెవిని పరులకిచ్చుట, అమ్ముట నిషేధింపబడెను. కొన్ని కాదు, సగము కాదు, దాదాపు అన్నియు! ఈ మాట ఆలోచింపదగినది.

"రెండున్నర డాలర్ల వస్తువుచే ఏమి కొంప మునుగును?" అని కొందరందురు. చిన్నదగుటయే దాని మాటు. పెద్దమొత్తము కదలినచో ప్రశ్నించువారు కలరు. చిల్లరబేరమును ఎవ్వరును ప్రశ్నింపరు. చీమ మోయునది ఒక్క మట్టిరేణువే. ఐనను పుట్ట లేచుచున్నది.

మరికొందరు, "దొంగలకై దొరలను దండింపనేల? కొన్నవానికి అమ్ముకొను హక్కు లేదా?" అందురు. ఈ వాదమున కొంత న్యాయము కలదు. ఐనను తాళపుచెవితో పెట్టెను తెరచుటకు ఆటంకము కలుగలేదు. పూర్వము కొన్నవానికి ఈ నిషేధము వర్తింపలేదు. మంచి ఆటగాండ్రకు కలిగిన నష్టము స్వల్పము. నిజముగా అడుగవలసిన ప్రశ్న వేరు: ఈ పని 6 సంవత్సరములు ఏల ఆలస్యమైనది? స్టీమ్ సంతలో ఆ ఆటవస్తువుల ప్రతి బేరమునకును నూటికి 15 వంతున రుసుము సంస్థకు చేరుచుండెను. రుసుము పుచ్చుకొను సంతదారుడు, తన సంతకు దొంగసరకు వచ్చుచున్నదా యని చూచు బాధ్యతనుండి తప్పుకొనజాలడు.

భారతదేశమున మనీ లాండరింగ్ నిరోధక శాసనము 2002లో చేయబడి, 2005 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దొంగనే కాక, తెలిసి అతనికి తోడ్పడినవానిని సైతము అది శిక్షించును. బ్యాంకులు తమ ఖాతాదారులెవరో తెలిసికొనవలెననియు, అనుమానము గొలుపు లావాదేవీలను ప్రభుత్వమునకు నివేదింపవలెననియు అది విధించుచున్నది. ఆటవస్తువులను నగదుగా మార్చు అంగళ్లు ఏ దేశమున ఉన్నను, వానికి ఇట్టి నియమమే ఉండుట న్యాయము. బ్యాంకువలె ధనమును చేతులు మార్చువాడు బ్యాంకువలె జాగ్రత్త వహింపవలెను గదా!

ఐనను శాసనమొక్కటే చాలదు. కొనువాడు లేనిచో దొంగసరకు అమ్ముడుపోదు. సగము వెలకు వస్తువునిత్తుననువాడు ఎదురైనప్పుడు, "ఇంత చవక ఎట్లు సాధ్యమైనది?" అని బాలుడు ఒక్కసారి ప్రశ్నించుకొనవలెను. తన ఆటఖాతానుగాని, ఇంటివారి బ్యాంకు ఖాతానుగాని, ఫోనునకు వచ్చు రహస్య సంఖ్యనుగాని ఎవ్వరికిని ఈయరాదు. మోసము జరిగినచో దాచక పెద్దలకు తెలుపవలెను. 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

కార్డు పోగొట్టుకొన్న మనుష్యుడు కంటికి కనబడడు. ఏ దూరదేశముననో నెలజీతమునుండి కూడబెట్టిన సొమ్ము పోయి అతడు దుఃఖించుచుండును. కనబడనంతమాత్రమున అతడు లేనివాడు కాడు. ఆట వినోదమునకు పుట్టినది. ఒకని వినోదము మరియొకని కంటినీటితో కొనబడరాదు.